దాగని ఆసు

మా మరిది రాంచందర్ బొంబాయి నుంచి తెచ్చిన కంప్యూటర్ మా ఇంట్లో పోపులడబ్బా కన్నా పెద్దదేమీ కాదు. దాన్ని టీవీకి తగిలించి, ఆట నింపిన క్యాసెట్‌ను టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కితే అయిదు నిమిషాలు కీచుమని అరిచేది. కుక్కర్ మూడో విజిల్ వేసేలోగా తెర మీదికి పేకముక్కలు వచ్చేవి. ఆట బ్రిడ్జి. నలుగురు ఆడాలి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే కనుక మిగతా ముగ్గురి ముక్కలూ మిషనే ఆడేది.

అది ఎనభై ఏడు ఎండాకాలం. హన్మకొండలో మా క్లబ్బు వాళ్ళు ఏటా డోర్నకల్ వెళ్ళి అక్కడి రైల్వే ఉద్యోగులతో బ్రిడ్జి పోటీ ఆడతారు. నలుగురి పేర్లు నోటీసు బోర్డు మీద పెడతారు. అందులో అప్పటిదాకా ఆడవాళ్ళ పేరు లేదు. నా పేరు ఉండాలని నా కోరిక. డిగ్రీలో లెక్కలు చదివాను. బ్రిడ్జి నేర్పిన మా ఆయన సారంగపాణే నా జోడీ. ఆయన పేరు రెండేళ్ళుగా బోర్డు మీద ఉంది.

పేర్లు రాసేది క్లబ్బు కార్యదర్శి వీరభద్రం గారు. చౌరస్తాలో బట్టల దుకాణం.

"చెల్లె, డోర్నకల్ పోవుడంటే పేరంటం గాదు," అన్నారు. "ఒక ఆదివారం మీ ఆలుమగలు మా జోడీ మీద గెల్వుండ్రి. నీ పేరు నా చేత్తోని రాస్త."

"ఓడితే అన్నా?"

"ఓడితే మాకు మిర్చీలు ఎయ్యి."

నెలరోజులు మిషన్‌తో ఆడాను. దాదాపు రోజూ గెలిచాను.

"వదినా, కంప్యూటర్‌నే చిత్తు జేస్తాన్నవ్!" అని రాంచందర్ వీధంతా చాటాడు.

ఎందుకు గెలుస్తున్నానో నాకు తెలుసు. మిషన్‌కు ఒక జబ్బు ఉంది. తన దగ్గర ఆసు ఉంటే, ఆ రంగు ముక్క బల్ల మీద పడగానే ఆసు వేసేస్తుంది. ఆగటం దానికి రాదు. ఎదుటివాళ్ళ ఆట చెడగొట్టాలంటే ఒక్కోసారి ఆసును దాచి, రెండో చుట్టులో వేయాలి. అది తెలిసీ నేను దాని జబ్బుకు అలవాటుపడ్డాను. తప్పు అక్కడ జరిగింది.

మొదటి ఆదివారం, క్లబ్బులో ఆఖరి ఆట. పదమూడు చుట్లలో తొమ్మిది గెలుస్తానని, అంటే తొమ్మిది పట్లు పడతానని ఒప్పుకున్నాను. జోడీలో ఒకరు ఆడుతుంటే రెండోవారు ముక్కలు బల్ల మీద పరిచి ఊరికే కూర్చోవాలి; ఆ ముక్కలూ మొదటివారే ఆడతారు. మా ఆయన పరిచారు. అందులో డైమన్ రాజు, రాణి, జాకీ, పది, తొమ్మిది. పనికొచ్చేది ఇంకేమీ లేదు. నా చేతిలో రెండు చిన్న డైమన్లు. అటువైపు ముక్కలు వాడుకోవాలంటే ఆ రెండే నాకు దారి. ఎన్ని పట్లు పడతామో ముందుగా పలికేటప్పుడు అన్నదాన్ని బట్టి వీరభద్రం గారి దగ్గర ఆసు ఉంది. వేస్తారనుకుని చిన్న ముక్క వేశాను.

ఆయన నస్యం డబ్బీ మీద రెండుసార్లు వేలితో తట్టారు. వేయలేదు. రెండో డైమన్‌కు వేశారు. నా చేతిలో డైమన్లు అయిపోయాయి. అవతల జాకీ, పది, తొమ్మిది ఎండలో పెట్టి మరిచిపోయిన వడియాల్లా ఉండిపోయాయి.

"చెల్లె, ఇది టీవీ గాదు," అని నవ్వారు. ఆ సాయంత్రం అరవై మిర్చీలు వేశాను.

తింటూ తింటూ ఆయన అడిగారు. "ఆ మిషన్ జర మాకియ్యరాదు? పది దినాలు."

"ఇస్తనన్నా. నాకింకో ఆదివారం ఇయ్యుండ్రి."

"మంచిది."

"కానీ దానికో తప్పున్నది. ఆసు చేతుల ఆగదు దానికి."

"రాకెట్లు ఎగిరేసేటియి కంప్యూటర్లు. గవి తప్పాడుతయా? నీకు సమజు గాలేదు చెల్లె."

చెప్పవలసింది చెప్పాను. క్యాసెట్‌తో సహా మిషన్ కట్టి ఇచ్చాను.

పదకొండో రోజు మిషన్ తిరిగి వచ్చింది. దాని నెత్తిన పసుపు, కుంకుమ బొట్టు.

నాకిచ్చిన రెండో ఆదివారం వీరభద్రం గారి నస్యం డబ్బీ బల్ల మీద లేదు. రెండు గంటల్లో రెండుసార్లు ఆయన చేతి నుంచి ఆసు టక్కున పడింది. రెండోసారి ఆయన జోడీ వెంకట్రాజం గారు, రిటైరైన పోస్టుమాస్టరు, గొంతు సవరించుకున్నారు. అయినా ముక్కలు వాళ్ళకే బాగా వచ్చాయి. ఆఖరి ఆటకు వచ్చేసరికి మేము కొంచెం వెనకబడి ఉన్నాం. అది నెగ్గితే గెలుపు, లేకపోతే మళ్ళీ శనగపిండి కలుపుకోవడమే.

మళ్ళీ తొమ్మిది పట్లు. మా ఆయన ముక్కలు పరిచి, నా ముఖం చూడకుండా పైకప్పు ఫ్యాను చూశారు. మళ్ళీ అవే అయిదు డైమన్లు! నా చేతిలో మళ్ళీ రెండు చిన్నవి. అయిదు పట్లు ఎలాగూ నావి. నాలుగు కావాలి. ఆఠీన్ల నుంచి రాబట్టే దారి ఒకటుంది. అది పూర్తిగా అదృష్టం. రెండోది డైమన్లు. వీరభద్రం గారు ముందు పలికిన పలుకుల్ని బట్టి ఆసు ఆయన దగ్గరే ఉంది.

మొదటి ఆదివారం ఈ మనిషే ఆసు దాచాడు. కానీ ఈ రోజు ఇక్కడ కూర్చున్నది ఆ మనిషేనా? ఆయన చేతివైపు చూశాను. వేళ్ళు అప్పుడే ఒక ముక్క మీద ఉన్నాయి. ఆలోచించేవాళ్ళ వేళ్ళు అలా ఉండవు. మధ్యాహ్నాలు నాతో ఆడిన మిషనే ఇది.

చిన్న డైమన్ వేశాను.

టక్కున ఆసు.

వెంకట్రాజం గారు కళ్ళు మూసుకున్నారు. నా దగ్గర ఇంకో డైమన్ మిగిలింది. తర్వాత వాళ్ళు వేసిన ముక్కను నేను పట్టి, ఆ డైమన్‌తో అవతలికి వెళ్ళి, నాలుగు పట్లూ వరుసగా తీసుకున్నాను. అయిదూ నాలుగూ తొమ్మిది.

మా ఆయన ఫ్యాను నుంచి చూపు దించారు.

"ఏందయ్యా వీరభద్రం," అన్నారు వెంకట్రాజం గారు, "ముప్పై ఏండ్లసంది ఆడుతాన్నవ్. ఆసు ఒక్క చుట్టు ఆపరాదు?"

"కంప్యూటర్ అట్లనే ఏస్తది గదా!"

"అందుకే అన్నా, మా ఇంట్ల అది రోజూ ఓడిపోతది," అన్నాను.

ఆయన జేబులోంచి నస్యం డబ్బీ తీసి బల్ల మీద పెట్టారు. పెన్ను అడిగారు. లేచి వెళ్ళి బోర్డు మీది కాగితంలో నాలుగో పేరు రాశారు: అనసూయ. అక్షరాలు గుండ్రంగా, దుకాణం బోర్డు మీద రాసినట్టు.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాక గొంతు తగ్గించి అన్నారు.

"చెల్లె, పోటీ ఇంకా ఇరవై దినాలున్నది గదా. ఆ మిషన్ను డోర్నకలోళ్ళకు పంపుదామా?"