నమ్మశక్యం కాని అల్లుడు

మా బావ ఎప్పుడో కుర్రతనంలో ఒక నవల రాశాడు. దానికో బహుమతి వచ్చింది. అది చూసి కాలేజీవాళ్లు కథలు రాయడం నేర్పే ఉద్యోగమిచ్చారు. అంతే, అప్పట్నుంచీ ఒక్క ముక్క రాస్తే ఒట్టు. గొంతు సవరించుకుని, కళ్లజోడు తుడుచుకుని, కిటికీలోంచి దూరంగా చూసేసరికే సగం క్లాసు గడిచిపోయేది. మిగతా సగం సొంత నవల గొప్పలు.

సాయంత్రం క్లాసులో మా అక్క కూడా చేరింది. "మా ఆవిడ. ఇంట్లో తోచక వచ్చింది," అని అందరి ముందూ నవ్వాడు బావ.

తన వంతు వచ్చినప్పుడు అక్క ఒక కథ చదివింది. మామగారు పోతే, పరామర్శకొచ్చినవాళ్లని కూర్చోబెట్టి శవం పక్కనే తన నవల చదివి వినిపించిన అల్లుడి కథ. పెళ్లాం ఏడుస్తుంటే, "కాస్త మెల్లిగా, మంచి ఘట్టం వస్తోంది," అంటాడు ఆ మహానుభావుడు.

అది కల్పన కాదు. పోయింది మా నాన్న. నేనక్కడే ఉన్నాను.

క్లాసులో ఏం జరిగిందో అక్కే నాకు చెప్పింది. బావ ఎర్రసిరా పెన్ను మూత తీసి, "భాష ఫర్వాలేదు. పాత్రే నమ్మేలా లేదు. ఇంత సిగ్గుమాలినవాడు ఎక్కడైనా ఉంటాడా?" అన్నాడట.

"ఉండడంటారా మాస్టారూ?" అంది ముందు బెంచీలోని రిటైరైన నర్సు.

"ఛస్తే ఉండడు. కొట్టెయ్."

అక్క కొట్టెయ్యలేదు. అక్షరం మార్చకుండా పత్రికకి పంపింది. వాళ్లు వేశారు. ప్రిన్సిపాల్ బావని పిలిచి మరీ మెచ్చుకున్నాడు. ఇక చూడాలి ఆయన వాలకం! "ఆ అల్లుణ్ణి చెక్కింది నేనే. మనుషుల్ని నిశితంగా గమనిస్తే గానీ అలాంటివాడు దొరకడు," అని స్టాఫ్ రూమంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆనాడు పరామర్శకొచ్చి ఆ నవల విన్న లెక్కల మాస్టారు టీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాడట.

నాకు ఒళ్లు మండింది. "ఎలా ఊరుకున్నావక్కా?"

"కథ విని తెలుసుకోనివాడికి నేను చెబితే తెలుస్తుందట్రా?" అంది ఉల్లిపాయ తొక్క తీస్తూ.

తర్వాత అక్క క్లాసు మానేసి, పొద్దున్నే వంటింటి బల్ల మీద కూర్చుని తనూ ఒక నవల రాసి పూర్తి చేసింది. మొన్న ప్రచురణకర్త ఇంటికొస్తే బావే ఎదురెళ్లాడు.

"ముందుమాట నేను రాస్తాను."

"నవల చదివారా?"

"చదవడమెందుకండీ, నేను నేర్పిందేగా!"

ప్రచురణకర్త అక్క వైపు చూశాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ముందుమాట లేకుండానే నవల అచ్చుకెళ్లింది. ఈ కాలపు శిష్యులకి కృతజ్ఞత లేదని బావ కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.