సుజన ఆడిన ఫైనల్

సుంకులమ్మ భర్త వీరేష్ శెనగ చేలో గుండె ఆగి చనిపోయాడు. ఆ మర్నాడే ఖాట్మండులో దక్షిణాసియా బాలికల ఫుట్‌బాల్ పోటీల ఫైనల్. వాళ్ల కూతురు సుజన భారత జట్టుకు గోల్‌కీపర్.

"ఆట అయ్యేదంకా బిడ్డకు చెప్పొద్దు" అన్నారు వాళ్ల ఊరు కోసిగిలో బంధువులంతా. తండ్రి పోయిన సంగతి కూతురికి అందరికన్నా చివర తెలియడం సుంకులమ్మకు న్యాయమనిపించలేదు. తనే ఫోన్ చేసి చెప్పింది.



"నాయనను ఎప్పుడు ఎత్తుతారు?" అనడిగింది సుజన.

"రేపు మధ్యాహ్నానికే. నువ్వొచ్చేదంకా పెట్టుకోలేము తల్లీ. వస్తావో ఆడతావో నీ ఇష్టం. నిన్నెవరూ ఒక మాట అనకుండా నేను చూసుకుంటా."

"ఆడతానమ్మా."

వీరేష్‌ను మట్టి చేసి వచ్చి, సుంకులమ్మ తడి జుట్టుతోనే ఫోన్‌లో ఆట చూస్తూ కూర్చుంది. భారత్ ఒక్క గోల్ తేడాతో ఓడింది. గోల్ దగ్గర మోకాళ్ల మీద కూలబడి సుజన ఏడుస్తుంటే, నిన్నటి నుంచి బిగబట్టుకున్న సుంకులమ్మకు కూడా అప్పుడే ఏడుపొచ్చింది.