సైనికుల ఆసుపత్రి తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినవాడు రెండుసార్లు గట్టిగా లాగి చూసి "పో" అన్నాడు. అంతటితో నా బారసాల అయిపోయింది.

మొదట ఒక ఎరువుల కొట్టుకు కాపలా. యజమాని రోజూ నన్ను వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. నా మీద అంత అనుమానం! అతగాడు దివాలా తీశాక చేతులు మారి, నల్లమల అంచున ఒక చిన్న పట్నంలో మాజీ సైనికుల ఆసుపత్రికి చేరాను. పగలంతా తలుపు గొళ్ళేనికి నోరు తెరుచుకుని వేలాడుతూ ముసలాళ్ళ దగ్గులు వినేదాన్ని. మందుల కిటికీ దగ్గర కూడా వాళ్ళు హోదా ప్రకారమే వరస కట్టేవారు. హవల్దారు వస్తే సిపాయి దగ్గుకుంటూనే వెనక్కి జరిగేవాడు. అలా జరగమని వాళ్ళకెవరూ చెప్పలేదు.

అందరిలోకీ చాదస్తం హవల్దారు తిరుపాలుది. భార్య ఓబులమ్మ ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మీద బతుకుతోంది. సిలిండర్ అయిపోవస్తుంటే ఆటోలో వచ్చి నిండుది పట్టుకెళ్ళేవాడు. ఆ పట్నంలో ఆక్సిజన్ ఇంకెక్కడా దొరకదు. పెద్దాసుపత్రికి పోవాలంటే కనుమ దాటాలి. ఆమె అంతదూరం తట్టుకోలేదు.

ఇంతలో పైన పెద్దలకు బడ్జెట్టు దగ్గర పేచీ వచ్చింది. ఎవరి పంతం వాళ్ళది. ఖర్చులకు ఆమోదం లేక మా ఆసుపత్రితో సహా ప్రభుత్వ ఆఫీసులన్నీ మూతపడ్డాయి. మా గుమాస్తా నన్ను బిగించి, గుడ్డ చుట్టి, లక్క పోసి, మూడు సింహాల ముద్ర కొట్టాడు. ఒంటిమీద నగ పడ్డట్టు మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

ఆ మర్నాడే తిరుపాలు ఖాళీ సిలిండర్‌తో దిగాడు. తోడుగా పాత స్నేహితుడు నాయక్ చెన్నకేశవులు గడ్డపార పట్టుకుని వచ్చాడు.

"పక్కకి జరుగన్నా! సిలిండర్లు కిటికీలోంచి కనబడతానే ఉండాయి."

తిరుపాలు నాకు అడ్డంగా నిలబడ్డాడు. "అది సర్కారు ముద్రరా. ఆర్డరు లేకుండా దాని మీద చెయ్యేస్తే నేనేం సిపాయినిరా?"

"వదినకు ఊపిరాడ్డంలేదన్నా!"

"ఆఫీసరుకు ఫోన్ చేసినా. ఆగమన్నాడు. వస్తాది ఆర్డరు."

చెన్నకేశవులు ఒక్క తోపు తోస్తే ఆ ముసలాయన పక్కకు పడేవాడు. కానీ నాయక్ అంటే హవల్దారుకు ఒక మెట్టు కింద కదా, పైవాడి మాట ఎలా దాటుతాడు? గడ్డపార కింద పెట్టి, తిట్టుకుంటూ ఏడ్చాడు. ఛీ, ఇద్దరూ ఇద్దరే!

సాయంత్రానికి ఓబులమ్మ పోయింది. ఆర్డరు మాత్రం రాలేదు.

పెద్దల పేచీ తెగకముందే సైనికుల దినోత్సవం వచ్చిపడింది. సభ జరగక తప్పదట! కుర్చీలూ మైకు సెట్టూ లోపలున్నాయి. తాళంచెవి ఉన్న గుమాస్తా అత్తారింటికి వెళ్ళాడు. తిరుపాలును ఫోన్లో ఆగమన్న అధికారే కారు దిగి గడియారం చూసుకున్నాడు.

"పగలగొట్టవయ్యా, టైమైపోతోంది."

డ్రైవరు ఒక రాయి తీసుకుని ఒక్కటేశాడు. లక్క, సింహాలు, నా పొగరు అన్నీ గుమ్మంలో పడ్డాయి. కుర్చీలకు అడ్డమొస్తున్నాయని సిలిండర్లను పక్కకు జరిపారు.

"ఖాళీవా ఇవి?" అన్నాడు అధికారి.

"నిండువే సార్."

సన్మానానికి పిలిపించిన తిరుపాలు అక్కడే నిలబడి ఇదంతా చూశాడు. అధికారి అతనికి శాలువా కప్పి, "మీలాంటివాళ్ళ క్రమశిక్షణ వల్లే ఆసుపత్రి భద్రంగా ఉంది" అని మైకులో మెచ్చుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తిరుపాలు చెయ్యి దానంతటదే లేచి సెల్యూట్ కొట్టింది.

నేనిప్పుడు పాత ఇనుము బస్తాలో ఉన్నాను. ఇందులో పడకముందు, అంతా వెళ్ళిపోయాక, తిరుపాలు నన్ను గుమ్మంలోంచి ఏరుకుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. శాలువా ఇంకా భుజాన్నే ఉంది.

"ఒక్క దెబ్బేనే, ఓబులమ్మా," అన్నాడు. "ఒక్క దెబ్బే."