మంచుగదిలో స్టవ్వు

విమలకుమారి టౌరంగా అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. భర్త ఆశీర్వాదం కివీపళ్ళు పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజరు. బాపట్ల నుంచి ఈ పరాయి దేశం వచ్చాక ఇద్దరికీ కలిసి సెలవు దొరికిందే లేదు. 2007 జూలైలో, అక్కడి నడి చలికాలంలో, పెళ్ళిరోజుకని ఆశీర్వాదం ఆ దేశపు దక్షిణ దీవి కొండల్లో, మంచుతో కట్టిన హోటల్లో గది బుక్ చేశాడు.

"మంచులో పడుకోవడమేంటండీ, మతిపోయిందా?" అంది విమల.

"ఎండల్లో పుట్టి పెరిగినోళ్ళం. ఒక్కసారి చూసొద్దాం రా."

నిజంగానే అక్కడ అంతా మంచే. గోడలు, కప్పు, చివరికి మంచం కూడా. దానిమీద గొర్రెతోళ్ళు పరిచి, మందపాటి స్లీపింగ్ బ్యాగులు వేశారు. హోటల్ నడిపే హెలెన్ వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి, కప్పులో గాలి కోసం వదిలిన రంధ్రం చూపించింది.

"లోపల ఏదీ వెలిగించకండి. చలికి ఆగలేకపోతే పక్కనే నా క్యాబిన్ ఉంది, ఎప్పుడైనా వచ్చేయండి," అని ఇద్దరి ముఖాల్లోకీ చూసి మరీ చెప్పింది. ఆశీర్వాదం తలూపాడు.

చీకటి పడ్డాక గాలి లేచింది. మంచు కురవడం మొదలైంది. విమలకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నావల్ల కావట్లేదండీ. క్యాబిన్‌కి పోదాం."

"ఈ గాలిలో బయటికెలా పోతాం? ఉండు."

అతను తలుపు సందులో దుప్పటి కుక్కాడు. టీ కోసమని తెచ్చుకున్న చిన్న గ్యాస్ స్టవ్వు బ్యాగులోంచి తీశాడు.

"వద్దన్నారుగా ఆవిడ?"

"కాసేపే. నీ చేతులు వెచ్చబడగానే ఆర్పేస్తా."

ఆమె మళ్ళీ వద్దనలేదు. మంట దగ్గర చేతులు పెట్టగానే ప్రాణం లేచి వచ్చింది. అతను ఆమె వేళ్ళను తన అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చున్నాడు. అలాగే ఇద్దరి కళ్ళూ మూతలు పడ్డాయి.

తల పగిలిపోతున్నట్టుంటే విమలకు మెలకువ వచ్చింది. స్టవ్వు ఇంకా మండుతూనే ఉంది. టార్చి పైకి వేసి చూసింది. రంధ్రం మంచుతో పూడిపోయి ఉంది. గాలి ఆడని గదిలో మంట విషవాయువు నింపిందని నర్సుకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏవండీ! లేవండి!"

అతను కదల్లేదు. ఆమె కాళ్ళు మాట వినడం లేదు. పాక్కుంటూ వెళ్ళి దుప్పటి లాగేసి తలుపు తోసింది. అతని చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చింది. టార్చి వెలుగులో అతని ముఖం గులాబీ రంగులో, ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా కనిపించింది. ఆ వాయువు ఒంట్లో నిండితేనే వచ్చే ఆ రంగు చూసి ఆమె గట్టిగా అరిచింది. ఆ తర్వాత అరవడం మాని ఛాతీ నొక్కసాగింది. హెలెన్ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. గాలి తగ్గి, తెల్లారి హెలికాప్టర్ దిగేసరికి చేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

మర్నాడు హెండర్సన్ అనే ఊళ్ళో ఉండే మరిది జోనథన్ వచ్చాడు. జరిగిందంతా విని, పోలీస్ స్టేషన్ బయట కారులో ఆమె చేయి పట్టుకున్నాడు.

"వదినా, హోటలు వాళ్ళు మాకేమీ చెప్పలేదని చెప్పు. లేకపోతే అన్నయ్య చేజేతులా చచ్చాడంటారు. చర్చిలో మన పరువేం కాను?"

లోపల వరండాలో హెలెన్ కూర్చుని ఉంది. నిన్నటి బట్టలే. ఎవరి వైపూ చూడలేదు.

హోటలు వాళ్ళు ముందే హెచ్చరించారా అని పోలీసు అడిగాడు.

"చెప్పింది. మా ఇద్దరికీ అర్థమైంది. నేను చలికి తట్టుకోలేకపోతుంటే ఆయన వెలిగించారు. నేను ఆపలేదు."

జోనథన్ కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు.

టౌరంగాలో సమాధి కార్యక్రమానికి అతను వచ్చాడు గానీ దూరంగా నిలబడ్డాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక విమలే దగ్గరికి వెళ్ళింది.

"ఇంటికి రా జోనథన్. భోంచేసి వెళ్ళు."

"అన్నయ్యే లేడు. ఇంకెవరింటికి రమ్మంటావు?"

అతని కారు వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి భుజాలు పట్టుకున్నారు. విమల ఏడవలేదు. ఇంటికెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ తనే అన్నం వడ్డించింది.