నన్ను కింద వేయని ఇల్లు

నేను ఒక ఇనుప కడ్డీని. రెండు చివరలా బరువు బిళ్లలు తగిలించి మనుషులు భుజాల మీద పెట్టుకునే కడ్డీని. నేను చెప్పబోయే ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: పదిహేనేళ్ల హైమ, వాళ్లమ్మ పార్వతి, తాత చిన్నంనాయుడు, గుమ్మంలో పడుకున్న పిల్లి, పశువులను అమ్మేశాక ఖాళీ అయిన సాలలో నేను. హైమ నాన్న లారీ మీద ఒడిశా వెళ్లాడు. నన్ను కూడా మనిషిలా లెక్కవేసుకున్నానని నవ్వకండి. ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి దండం నాకే పెడతారు. ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను విశాఖపట్నంలో ఒక లేతు మిషను మీద తిప్పి తయారు చేశారు. చేతులు జారకుండా నా ఒంటి మీద గరుకు గీతలు గీశారు. ఇరవై కిలోలు అని చెప్పి అమ్మారు కానీ నేను అంత ఉండను. మొదట విజయనగరంలో ఒక వ్యాయామశాలకు వెళ్లాను. అక్కడి కుర్రాళ్లు అద్దం ముందు నన్ను ఎత్తి, పళ్లు బిగించి, మళ్లీ తీసిన చోటే పెట్టేవారు. అక్కడే ఉంచేటట్టయితే ఎత్తడం ఎందుకో తెలిసేది కాదు. మోయలేకపోతే దభీమని పడేసేవారు. నేల అదిరేది. నాకేమీ అయ్యేది కాదు. పడితే ఇనుముకు నొప్పి ఉండదు. ఈ చిన్న సంగతి తర్వాత నేను చేరిన ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ శాల మూతపడ్డాక చిన్నంనాయుడు నన్ను బిళ్లలతో సహా ఆటోలో తెచ్చుకున్నాడు. వయసులో ఉండగా ఆయన అమ్మవారి పండగకు సంగిడి రాయి ఎత్తేవాడు. బలం చూపడానికి తల మీదికి ఎత్తే బరువు రాయి అది. మొక్కి ఎత్తాలి, మెల్లగా దించాలి. జారవిడిస్తే అమ్మవారికి అపచారం అంటారు. ఒక ఏడాది రాయి పైకి వెళ్లాక ఆయన నడుములో ఏదో పట్టేసింది. అయినా వదల్లేదు. వంగి వంగి రాయిని నేలకు ఆనించాడు. ఆ తర్వాత ఆయన నిటారుగా నిలబడింది లేదు. ఊళ్లో అందరూ ఆ కథ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పేవాళ్లకు హాయిగానే ఉంటుంది. ఆయనకు మాత్రం చెప్పులు వేసుకోవాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాలి.

ఆ రాయి నియమాలే నాకూ వచ్చాయి. నన్ను ఎవరూ దాటకూడదు. కాలు తగిలితే తాకి కళ్లకు అద్దుకోవాలి. దసరాకు పసుపు, బొట్టు. ఏం జరిగినా నన్ను కింద పడేయకూడదు.

హైమ బడిలో బరువులెత్తే జట్టులో ఉంది. జిల్లా ఎంపికకు పదిహేను రోజులే ఉంది. అందులో నెగ్గితే క్రీడల హాస్టల్లో సీటు వస్తుంది. జట్టును చూసే సుగుణ టీచరు, ఇంట్లో ఒంటరిగా పెద్ద బరువు పెట్టవద్దని చెప్పింది. ఆదివారం టీచరు లేదు, తాత ఉన్నాడు.

"పది కిలోలు ఎక్కించనా తాతా?"

"ఎక్కించు. నిన్న అలవోకగా నెగిసినావు కదా."

నన్ను మెడ వెనక భుజాల మీద పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవాలి. హైమ కిందికి దిగింది. సగం లేచేసరికి మోకాళ్లు లోపలికి ముడుచుకున్నాయి, మడమలు నేల వదిలాయి, వీపు గుండ్రంగా వంగింది. నేను మెడ మీదికి జరిగాను. ఆమె ఊపిరి ఆగిపోవడం నాకు తెలుస్తోంది. నన్ను వెనక్కి వదిలి ముందుకు దూకితే చాలు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న తాత మాత్రం వదలొద్దు, లే అన్నాడు.

"ఒగ్గీకు గుంటా. ఒగ్గీకు. నెగు."

పార్వతి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి నా ఒక చివర పట్టుకుని ఎత్తింది. సాయం చేయాలనే ఎత్తింది. దాంతో బరువంతా రెండో వైపుకు వాలి హైమ నడుము మెలితిరిగింది. తాత ఆ చివర పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి నన్ను చాలా జాగ్రత్తగా నేల మీద పెట్టారు. నా మీద గీత కూడా పడలేదు. హైమ పక్కకు ఒరిగి, కదల్లేక, పెదవి కొరుక్కుంటూ ఉండిపోయింది. తాత మొదట ఆమె నడుము తడిమాడు. తర్వాత నన్ను తాకి కళ్లకు అద్దుకున్నాడు. వీళ్లకు ఎవరి మీద ప్రేమో నాకు బోధపడలేదు.

కండ పట్టేసింది, వారం విశ్రాంతి చాలు అన్నాడు డాక్టరు. సాయంత్రం సుగుణ టీచరు వచ్చింది.

"లేవలేనని నీకు ముందే తెలిసిందా నేదా?"

"తెలిసింది టీచర్."

"మరి ఎందుకు మోసావు?"

హైమ తాత వైపు చూసింది. టీచరు కూడా అటే తిరిగింది.

"నాయుడుగారూ, నెగనేకపోతే ఏటి సెయ్యమన్నారు దీన్ని?"

"మెల్లగా దించమన్నాను."

"నెగనేని పిల్ల మెల్లగా ఎలగ దించుతాదండి?"

"నాను దించినాను."

"అవునండి. ఎలగ దించినారో రోజూ చూస్తన్నాం కదా."

పార్వతి టీ పెడతానని లోపలికి వెళ్లింది, టీ తేలేదు.

వెళ్తూ టీచరు అంది: "హైమా, పడెయ్యడం ముందు నేర్చుకో. అది రాకపోతే ఎంపికకి నేను తీసుకెళ్లను. అమ్మా పార్వతీ, ఒక పక్కే ముట్టుకోకండి. పట్టుకుంటే ఇద్దరు రెండు పక్కలా ఒక్కసారే పట్టాలి. నేదంటే దూరంగా ఉండాలి."

తొమ్మిదో రోజు నా వెనక ఊక నింపిన గోనె సంచులు పరిచారు. చిన్న బిళ్లలు తగిలించారు. వెనక ఎవరూ లేకుండా చూసి, టీచరు పక్కన నిలబడింది. తాత మూలన పీట మీద కూర్చున్నాడు. హైమ దిగింది. చేతులు విప్పలేదు. లేచి నిలబడింది. మళ్లీ దిగింది, మళ్లీ విప్పలేదు. ఆమె అరచేతుల చెమట నా గీతల్లోకి దిగింది. అరవై కిలోలతో లేచే పిల్ల ముప్పై కిలోలు వదలడానికి జంకుతోంది. మనుషుల్లో ఎక్కడ బలం ఉంటుందో, ఎక్కడ ఉండదో నాకు అంతు చిక్కలేదు.

మూడోసారి కింద కూర్చున్నాక చిన్నగా అంది. "తాతా, ఒగ్గేస్తన్నాను."

ఆయన ఆమె వేళ్ల వైపే చూశాడు.

వేళ్లు విచ్చుకున్నాయి. హైమ ముందుకు దూకింది. నేను వెనక్కి పడ్డాను. ఊక లేచింది, బిళ్లలు ఖంగుమని మోగాయి. పక్కింటి వాళ్లు ఏమైందని కేకేశారు. హైమ వెనక్కి తిరిగి నన్ను చూసింది, తర్వాత తన కాళ్లు చూసుకుంది. ఏమీ కాలేదు.

"ఇంకోసారి," అంది టీచరు.

తాత మెల్లగా లేచాడు. నేల మీదున్న నన్ను కాసేపు చూశాడు. నిటారుగా నిలబడి ఉన్న మనవరాలి వీపును అంతకంటే ఎక్కువసేపు చూశాడు. నాకు దండం పెట్టలేదు. కోపమో, సిగ్గో, ఇంకేమిటో ఆ ముఖంలో నాకు తెలియలేదు. గడప దాటాడు.

"తాతా, కోపమొచ్చిందేటి?" హైమ గుమ్మం దాకా వెళ్లింది.

"సప్పుడు వీధిలోకి ఎలిపోతంది," అన్నాడాయన. బయటి నుంచి తలుపు లాగి, ఆమె ముఖం మీదే మూసేశాడు.