ప్రశ్నపత్రంలో లేని వాక్యం

గ్రీసులోని వోలోస్‌లో మా ట్యుటోరియల్ నడిపే మిల్తియాదిస్‌కి ప్రాచీన గ్రీకు ముక్క రాదు. అది చెప్పేవాళ్ల జాతకం రాయడం మాత్రం బాగా వచ్చు. ఆ వేసవి తర్వాత ఇద్దరు టీచర్లలో ఒకరినే ఉంచుకుంటానన్నాడు. ఒకరు ఫెడోన్. రెండోదాన్ని నేను, పేరు ఇస్మీని.

ఫెడోన్ పాఠం చెప్పడు, గైడులోని అనువాదాన్ని కామాలతో సహా బట్టీ పట్టిస్తాడు. సంబంధ సర్వనామం కనబడితే చాలు, "ఎవడైతే వచ్చెనో, వాడు" అని ఈడుస్తాడు. "వచ్చినవాడు" అంటే నోరు అరిగిపోతుంది కాబోలు! నేను మాత్రం ఆ సర్వనామం ఎవరి గురించి చెబుతోందో పిల్లల చేత వేలుపెట్టి చూపించి, ఆ తర్వాతే హాయిగా మా వాడుక గ్రీకులోకి మార్పించేదాన్ని. నాది నత్తనడకని తల్లిదండ్రుల గొణుగుడు.

"రెండు క్లాసులకీ ఒకటే పరీక్ష. ఎవరి పిల్లలు బాగా రాస్తే వాళ్లే ఉంటారు," అన్నాడు మిల్తియాదిస్.

ప్రశ్నపత్రం తనే తయారుచేశాడు. గైడులోని పాఠమే. కాగితం ఒక వైపుకే సరిపోవాలని చివరి వాక్యం కత్తిరించేశాడు. ఆ వాక్యం ఏం చెబుతోందో ఆ మహానుభావుడికి తెలిస్తే కదా!

ఒకరి క్లాసు పేపర్లు మరొకరు దిద్దాలి. దిద్దుతుంటే నాకు నవ్వాగలేదు. ఫెడోన్ క్లాసు మొత్తం, కాగితం మీద లేని ఆ చివరి వాక్యాన్ని కూడా అనువదించేసింది! "ఎవరైతే నగరమును కాపాడిరో, వారికి కిరీటము నిచ్చిరి," అని అందరివీ అవే మాటలు. ఇక వాడి పని అయిపోయిందనుకుంటూ ఆ పేపర్లు తీసుకెళ్లి మిల్తియాదిస్ బల్లమీద పరిచాను.

"చూడండి సార్, వీళ్లు పేపర్ చదవనేలేదు. లేని వాక్యం రాశారు."

ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తల్లి, అర్గిరో, మురిసిపోయింది. "అడగనిది కూడా రాశాడా మావాడు? నా బంగారుకొండ!"

మిల్తియాదిస్ నావైపు తిరిగాడు. "మరి నీ పిల్లలు ఆ వాక్యం ఎందుకు రాయలేదమ్మా?"

"అది పేపర్లో లేదు కదండీ!"

"ఫెడోన్ పిల్లలకి దొరికిందిగా!"

పక్కనే నిలబడ్డ ఫెడోన్ సిగ్గుపడతాడేమోనని చూశాను. మీసం దువ్వుకుంటున్నాడు. ఈ మందతో వాదించడం నాదే బుద్ధితక్కువ అనుకుని నా సంచీ తీసుకుని బయటికొచ్చేశాను.

తర్వాతి వారం అటుగా వెళ్తుంటే గుమ్మం మీద కొత్త బోర్డు కనిపించింది: "ఎవరైతే మా వద్ద చదువుదురో, వారు అడగనివి సైతం వ్రాయుదురు."