పాత జోకుకు టీ

షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, మంగీలాల్ మొదట మేకుకున్న గొడుగు దుమ్ము దులిపాడు. కంప్యూటర్ల మీద కప్పిన పాత చీర ముక్కలు తీయడం ఆ తరవాతి పని.

ఆ గొడుగు అతనిది కాదు. పోయిన వానాకాలంలో ఎవరో పెద్దమనిషి మరిచిపోయి వెళ్ళాడు. నల్లగుడ్డ, వంకీ తిరిగిన కర్రపిడి, ఒక పుల్ల కాస్త వంగింది. అప్పటినుంచీ కౌంటరు వెనక మేకుకే వేలాడుతోంది. ఎంత జోరువానైనా ఎవరికీ ఇవ్వడు. "గిరాకిది. రేపొచ్చి అడిగితె ఏం జెప్పాలె?" అంటాడు.

నలభై ఆరేళ్ళ పొట్టి మనిషి. టైపు మిషను కొట్టీ కొట్టీ రెండు చూపుడువేళ్ళ కొసలు చదునయ్యాయి. తండాలో ఇంటరు దాకా వెళ్ళిన మొదటివాడు, ఆ ఇంటరు మూడుసార్లు తప్పింది ఇంగ్లీషులోనే. ఆ కసితో కొత్తగూడెంలో టైపు నేర్చుకుని, జూలూరుపాడు బస్టాండు పక్కన కూర్చుని పదిహేనేళ్ళు ఊరందరి దరఖాస్తులూ కొట్టాడు. రాత్రుళ్ళు డిక్షనరీ ముందేసుకుని, పగలు కొట్టిన ప్రతి మాటా సరిచూసుకున్నాడు. మిషన్లకు కాలం చెల్లాక, నాలుగేళ్ళ కిందట అదే గదిలో ఈ నెట్ సెంటర్ పెట్టాడు.

కౌంటరు మీద బిల్లులు గుచ్చే ఇనుప చువ్వ ఉంది. దానికి బిల్లులుండవు, జోకులుంటాయి. హైదరాబాదులో చదివే స్నేహితులు మెయిల్లో పంపిన జోకును ప్రతివాడూ కొత్తదనుకుని పరిగెత్తుకొస్తాడు. మంగీలాల్ ప్రింటు తీసి చువ్వకు గుచ్చుతాడు. అది అంతకుముందే చువ్వ మీద ఉందా, తెచ్చినవాడు గదిలో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాల్సిందే. ఎదురుగా టీ కొట్టు సైదమ్మకు ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఆ రూలు పెట్టింది కల్లూరులో ఉండే వెంకటనారాయణ, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. నెట్లో ఇంగ్లీషు వాడుక గురించి వాదించుకునే గ్రూపు ఒకటుంది. ఒక్క మాట కోసం ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏడు తరాలను ఎత్తి తిట్టుకుంటారు. అందులో మూడేళ్ళుగా వీళ్ళిద్దరికీ పడదు. ఆయన అవునంటే ఇతను కాదంటాడు. కరెంటు లేనప్పుడు మంగీలాల్ చిత్తుకాగితాల మీద జవాబు రాసి పెట్టుకుని, వచ్చాక కొడతాడు. అప్పటికి మిగతావాళ్ళు ఇంకో కొట్లాటలో ఉంటారు. వెంకటనారాయణ ఒక్కడే కాచుకుని ఉంటాడు. "మీ జూలూరుపాడుకు కరెంటు వచ్చిందా అండీ?" అని మొదలుపెడతాడు. ఎవరైనా పాత జోకు పెడితే, అది మొదట ఏ తేదీన వచ్చిందో నోటుబుక్కులో చూసి మరీ రాస్తాడు. పాత జోకు తెచ్చినవాడు టీ పోయించాలని తీర్పు చెబుతాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట: "ఒకసారి కల్లూరు రండి లెక్చరర్ గారూ. టీ తాగుతూ తేల్చుకుందాం."

ఆ లెక్చరర్ అనే మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. మొదట్లో ఎవరో ఏ కాలేజీలో లెక్చరరని అడిగితే మంగీలాల్ కాదనలేదు. అప్పుడు మింగిన మాట గొంతులోనే ఉండిపోయింది. కల్లూరు వెళ్ళాలని ఎంతో ఉంది, కానీ ఇంటరు తప్పినవాడినని ఏ మొహంతో చెబుతాడు? అందుకే ఆయన ఇచ్చిన ఫోన్ నంబరుకు కూడా ఎన్నడూ చేయలేదు.

ఇప్పుడు పదహారు రోజులుగా వెంకటనారాయణ ఉలుకూ పలుకూ లేదు. చివరి జవాబులో "వయసు వస్తే సరిపోదు, అప్పుడప్పుడూ పుస్తకం తెరవాలి" అని మంగీలాల్ రాశాడు. ఆ మాట అతన్ని పురుగులా తొలుస్తోంది. క్షమించమని నాలుగుసార్లు కొట్టి నాలుగుసార్లూ చెరిపేశాడు. చివరికి ఇవాళ పొద్దున చువ్వ మీది కాగితాల్లో అన్నిటికంటే అరిగిపోయిన జోకును వెతికాడు. ఆగిపోయిన కారులోంచి అందరం దిగి మళ్ళీ ఎక్కి చూద్దామన్న సాఫ్ట్‌వేరు ఇంజినీరు జోకు. దాన్నే గ్రూపులో పెట్టాడు. దాన్ని చూసి ఊరుకోవడం వెంకటనారాయణ వల్ల కాదు.

ఎవరెవరో వెక్కిరించారు. ఒకడు డైనోసార్లు చెప్పుకున్న జోకన్నాడు. మంగీలాల్ పట్టించుకోలేదు. పన్నెండింటికి కరెంటు పోయింది. భార్య ద్వాలి కట్టిచ్చిన టిఫిను డబ్బా మూత తీయలేదు.

"ఏంది తమ్మీ, అన్నం గూడ తినకుంట గట్ల గూసున్నవ్?" గ్లాసులు ఏరుకోవడానికి వచ్చిన సైదమ్మ అడిగింది.

"ఒకాయన తిడతడేమోనని చూస్తున్న అక్కా."

"తిట్ల కోసం గూడ ఎదురు జూస్తరా ఎవలన్న?"

"గాయన తిడితె మంచిగుంటది."

నాలుగింటికి కరెంటు వచ్చింది. తెర వెలిగేదాకా మంగీలాల్ నిలబడే ఉన్నాడు. వెంకటనారాయణ పేరు మీద జవాబు ఉంది. "పాతది. మొదట వచ్చింది 2004 నవంబరు తొమ్మిదిన." మంగీలాల్ పైకే నవ్వాడు. కూర్చుని మిగతాది చదివాడు.

"నేను ఆయన కూతురు సుజనను. నాన్న పోయి పదహారు రోజులైందండీ, నిద్రలోనే. పుస్తకం తెరవమన్న మీ జవాబు చదివి, రేపు నీ పని చెబుతానంటూ నవ్వుకుంటూ పడుకున్నారు. తేదీ ఆయన నోటుబుక్కులో చూసి రాశాను. మీకొక సంగతి చెప్పాలి. పోయిన వానాకాలం నాన్న మీ పేరు చెప్పి వాకబు చేసుకుంటూ మీ ఊరు వచ్చారు. మీ నెట్ సెంటర్లో ఇదే జోకు ప్రింటు తీయించుకుని, అందరికీ టీ పోయించారు. మీరెలా ఇంగ్లీషు నేర్చుకున్నారో మీ నోటే విన్నారు. మీరు ఇబ్బంది పడతారని తన పేరు చెప్పలేదు. దరఖాస్తులు కొట్టి నేర్చుకున్న మనిషమ్మా, ఆయన చేతిలో ఓడినా గర్వమే అన్నారు. గొడుగు కావాలనే మీ దగ్గర వదిలి, తడుస్తూ ఇంటికొచ్చారు. ఎప్పుడో ఆ వంకన మిమ్మల్ని ఇంటికి పిలుస్తానన్నారు."

గుర్తొచ్చాడు ఆ తెల్లచొక్కా పెద్దమనిషి. అరగంట ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. జోకు పాతదని మంగీలాలే నవ్వుతూ వేలెత్తి చూపితే, ఒప్పుకుని సైదమ్మను కేకేశాడు. ఇద్దరూ గ్లాసులు పట్టుకుని వాన చూశారు. మంగీలాల్‌కు ఏడుపు ఆగలేదు. మెయిల్ చూసుకుంటున్న కుర్రాళ్ళు తలలు తిప్పి చూశారు.

"అక్కా, అందరికి టీ పంపియ్యి" అన్నాడు కాసేపటికి గుమ్మంలోకి వచ్చి. "పాత జోకు ఇయ్యాల నేను తెచ్చిన."

సుజనకు జవాబు కొట్టాడు. ఆదివారం కల్లూరు వస్తానని, తాను లెక్చరర్ కాదని, రెండే ముక్కలు. ఈసారి చెరపలేదు.

షట్టరు దించే వేళకు వాన పట్టుకుంది. తువ్వాలు తలకు చుట్టుకుని మంగీలాల్ తండా దారిన తడుస్తూ వెళ్ళిపోయాడు. లోపల మేకుకు గొడుగు, ఒక పుల్ల వంగి, పొడిగా వేలాడుతోంది.